అద్దె ఇంటి పైకప్పు: ఒక ధర్మసందేహం

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్న సామెత ఇల్లు కట్టేవారి కష్టాన్ని గుర్తించింది. ఆ ఇంట్లో అద్దెకు ఉండేవారి ప్రస్తావన అందులో లేదు. ఇల్లు కట్టింది ఒకరు, దాని వేడిని భరిస్తూ కరెంటు బిల్లు చెల్లించేది మరొకరు అయినప్పుడు, ఆ వేడికి ఎవరు బాధ్యులు?

జంషెడ్‌పూర్ చరిత్ర ఈ ప్రశ్నకు ఒక కోణాన్ని చూపుతుంది. 1912లో తొలి ఉక్కు దిమ్మె వెలువడిన ఈ నగరంలో కంపెనీయే ఉద్యోగులకు క్వార్టర్లు నిర్మించింది, విద్యుత్తునూ సమకూర్చింది. ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఈ పారిశ్రామిక జీవనంలో భాగమయ్యాయి. ఇంటి యజమాని, విద్యుత్ సరఫరాదారు ఒకరే అయిన చోట, వృథా అయిన విద్యుత్తు యజమానికీ నష్టమే. సువర్ణరేఖ ఆవలి మాన్గో వంటి ప్రాంతాల ప్రైవేటు అద్దె ఇళ్లలో ఆ బంధం లేదు. ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో కాంక్రీటు కప్పు పగలు పీల్చుకున్న వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. కప్పును చల్లబరిస్తే యజమానికి నేరుగా లాభం లేదు. దానిపై చేయి వేసే హక్కు అద్దెదారుకు లేదు.

చట్టం కూడా ఈ సందును పూర్తిగా పూడ్చలేదు. 2018 నాటి ఎకో నివాస్ సంహిత గోడలు, కప్పుల గుండా వచ్చే వేడికి పరిమితులు నిర్దేశించినా, దాని దృష్టి ప్రధానంగా కొత్త కట్టడాలపైనే. 2021 నాటి నమూనా అద్దె చట్టం వెల్లవేయడం, నీటి గొట్టాలు, వైరింగు యజమానికి అప్పగించి, కుళాయి వాషర్లు, స్విచ్చుల మరమ్మతు అద్దెదారుకు విడిచిపెట్టింది. ఇంటి వేడిని ఎవరి వంతులోనూ చేర్చలేదు. ఇంగ్లండు, వేల్సులలో 2018 ఏప్రిల్ నుంచి కొత్త ఒప్పందాలకు, 2020 ఏప్రిల్ నుంచి పాతవాటికి కూడా, కొన్ని మినహాయింపులతో కనీస శక్తి ప్రమాణం తప్పనిసరి అయింది.

ప్రావిడెంట్ ఫండు సొమ్ముతో రెండు గదులు కట్టి, ఆ అద్దెతోనే జీవించే విశ్రాంత ఉద్యోగిపై ఈ భారం మోపడం న్యాయమా అన్న ఆక్షేపణ తోసిపుచ్చదగినది కాదు. ఖర్చు అద్దె రూపంలో తిరిగి అద్దెదారుపైనే పడవచ్చు కూడా. అందుచేత చిన్న యజమానికి ప్రభుత్వ సహాయం, గడువు అవసరం. అయితే బాధ్యతే లేదనడానికి అది కారణం కాజాలదు. మార్చగల అధికారం ఉన్నవారిదే మార్చవలసిన కర్తవ్యం. విద్యుత్తును పొదుపుగా వాడడం అద్దెదారు ధర్మమైతే, ఆ పొదుపు సాధ్యమయ్యే ఇంటిని ఇవ్వడం యజమాని ధర్మం. కప్పుపై తెల్లని సున్నపు పూతతోనైనా ఆ ధర్మాచరణ ఆరంభం కావచ్చు.