ఇష్టలింగ సన్నిధిని గుండె



శ్రీగురుడనుగ్రహించిన ఇష్టలింగమును మనము వక్షస్థలమున ధరింతుము. దాని చెంతనే గుండె కొట్టుకొనుచుండును. కోపమున ఊగిపోవు వేళ ఎదపైనున్న లింగపు సెజ్జ అదరుట మనలో కొందరెరుగుదురు.

12వ శతాబ్దమున బసవేశ్వరుడు శరణులకు వలదన్న పనులలో దొంగతనము, హత్య, అసత్యముల సరసనే కోపమును చేర్చెను. మనవారు మొదటి మూడింటిని పాపములందురు. కోపమును మాత్రము పెద్దరికపు గురుతుగా చెల్లించుకొందురు. అంతరంగ శుద్ధియు బహిరంగ శుద్ధియు వేరు కావనుట ఆయన బోధ. లోపలి వికారము లోపలనే నిలువదని వైద్యులును నేడు చెప్పుచున్నారు.

కోపము రాగానే అడ్రినలిన్ అను ద్రవము రక్తమున కలియును. గుండె వడి, రక్తపుపోటు పెరుగును; రక్తము గడ్డకట్టు గుణము హెచ్చును. తీవ్రకోపము కలిగిన తరువాతి 2 గంటలలో గుండెపోటు వచ్చు అవకాశము ఇతర సమయములకంటె రెట్టింపునకు మించియుండునని 1995లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. ఒక్కమారు కోపించిన ఆరోగ్యవంతుడు కూలునని దీని యర్థము కాదు. మధుమేహము, పొగాకు, అధిక రక్తపుపోటులచే నాళములు పాడైనవానికి ఆ 2 గంటలు గండము. అరకు కనుమల మీదుగా ఇనుప ఖనిజముతో మన కొత్తవలసకు దిగివచ్చు గూడ్సుబండిని చూడుడు. వడి మీరిన పిదప కాదు, దిగుడునకు ముందే డ్రైవరు దానిని అదుపున నుంచుకొనును.

ఇక నవ్వు మాట. 2005లో మేరీలాండ్ విశ్వవిద్యాలయ వైద్యులు 20 మందికి నవ్వించు చిత్రమొకటి, కలతపెట్టు చిత్రమొకటి వేర్వేరుగా చూపి, చేతి నాళమున రక్తప్రవాహమును కొలిచిరి. నవ్విన పిదప సగటున 22 శాతము హెచ్చెను, కలతపడిన పిదప 35 శాతము తగ్గెను. ఇరువదిమందితో శాస్త్రము స్థిరపడదు గాని, దారి తెలియుచున్నది. ఎదుటివాని నెగతాళి చేసి నవ్వుట వేరు; పరనిందయు బసవేశ్వరుడు వలదన్నదే. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి, శివునకు తల్లి లేదే యని జాలిపడి తానే తల్లియైనది. ఆ ముగ్ధభక్తిని వినునప్పుడు వచ్చు నవ్వు ఎవరిని నొప్పించును?

అయినను, అప్పులవాడు వాకిట నిలిచియుండగా నవ్వుమనుట తగునా? 52 దేశములలో జరిపి 2004లో ప్రకటించిన పరిశోధన ఇంటి కలతను, పని ఒత్తిడిని, ధనచింతను కూడ గుండెపోటు హేతువులలో లెక్కించినది. అనగా కోపించువాని గుండెయే కాదు, ఆ కోపమును దినదినము మ్రింగు ఇల్లాలి గుండెయు, కోడలి గుండెయు ఇందు చేరును. మామగారి చెప్పుల చప్పుడు వినగానే నవ్వులాగిపోవు ఇండ్లు మనలో లేవా? ఆ కోడలి యెదపైనను లింగమే యున్నది. భిక్షకు వచ్చిన జంగమమూర్తులు ఇంటి యజమానినే గాక, వంటయింటివారిని కూడ క్షేమమడిగిన బాగుండును.

కోపమును ముందుగా అదుపు చేయు సాధనము మన కరస్థలముననే యున్నది. 2001లో ఇటలీ వైద్యులు క్రైస్తవుల జపమాల ప్రార్థనను, బౌద్ధుల మంత్రమును పరీక్షింపగా, జపించునప్పుడు శ్వాస నిమిషమునకు ఇంచుమించు 6 మారులకు నెమ్మదించి, గుండె లయ కుదుటపడినది. మన పంచాక్షరిని వారు పరీక్షింపలేదు. కాని లింగముపై దృష్టి నిలిపి మెల్లగా జపించువారికి శ్వాస నెమ్మదించుట అనుభవమే.

జపము చేయుచున్నామని రక్తపుపోటు మాత్రలు మానరాదు. ఎదలో బరువు, చెమట, ఎడమచేతికో దవడకో ప్రాకు నొప్పి తోచినచో వాయువనియు, శివేచ్ఛయనియు ఊరకుండరాదు. లింగపూజ నడుమనున్నను లేచి 108కి ఫోను చేయవలెను.