బాణాలకు అర్హుడెవరు?

మహిమ గల ఆయుధాన్ని ఎవరి చేతిలో పెట్టాలి? ఆరితేరిన యోధుడికే అంటుంది లోకం. 1708లో నాందేడ్‌లో గురు గోవింద్ సింగ్ అలా అనుకోలేదు. గోదావరి ఒడ్డున మంత్రశక్తులున్నాయని పేరుపడ్డ బైరాగి మాధోదాస్‌ను బందా సింగ్‌గా మార్చి, ఐదు బాణాలిచ్చి పంజాబుకు పంపారని సిక్కుల సంప్రదాయం. చూలు లేడిని చంపిన బాధతో వేట మానేసినవాడట మాధోదాస్. ఆయుధం ఏం చేయగలదో అలాంటివాడికే బాగా తెలుస్తుంది.

సన్యాసి మాత్రం అధికారం రుచి మరగడా? మరగవచ్చు, వైరాగ్యమొక్కటే పూచీ కాదు. 1710లో బందా మొఘలుల పట్టణం సిర్హింద్‌ను గెలిచినప్పుడు నెత్తురూ పారింది. ఆ ప్రమాదాన్ని ముందే ఊహించి కాబోలు, గురువు బందా వెంట ఐదుగురు సలహాదారులను పంపారు. గురుపీఠాన్ని మాత్రం ఆయనకివ్వక సిక్కుల పవిత్ర గ్రంథానికి అప్పగించారు. 1716లో ఢిల్లీలో మొఘలులు బందాను చంపినా ఆ పీఠం ఖాళీ కాకపోవడానికి కారణం ఈ ఏర్పాటే.