కడ్డీని అటక ఎక్కించాలా?

భీముడు దాదాపు ఏడాదిపాటు వంట చేశాడు. చిన్నప్పటినుంచీ వింటున్న కథే కాబట్టి మనకి వింతగా అనిపించదు గానీ, కాస్త ఆగి ఆలోచించండి. అంతటి బలవంతుడు ఎవరికంటా పడకుండా ఉండాలంటే ఎక్కడ ఉండాలి? ఏ కొండగుహలోనో అనుకుంటాం. ఆయన మాత్రం విరాటరాజుగారి వంటింట్లో వలలుడనే పేరుతో గరిటె పట్టుకుని నుంచున్నాడు. ఆ కథ చెప్పిన మహానుభావుడెవరో గానీ లోకం పోకడ బాగా ఎరిగినవాడు. గుండిగలు దించే చేతుల్నీ, రుబ్బురోట్లో పొత్రం తిప్పే చేతుల్నీ ఎవరు చూస్తారు? విస్తట్లో కూర చూస్తారు గానీ!

అయినా వలలుడి అజ్ఞాతవాసానికి ఒక గడువుంది. అదీ నిండకుండానే ద్రౌపది అర్ధరాత్రి వచ్చి నిద్ర లేపితే కీచకుడి సంగతి చూడక తప్పలేదు. మరి గడువంటూ లేని అజ్ఞాతవాసం మాటేమిటి? బలం ఉన్న మనిషి దాన్ని బతుకంతా దాచుకుంటే వినయం అనాలా, అబద్ధం అనాలా?

ఈ ప్రశ్న నాకు భారతం చదువుతుంటే పుట్టలేదు. మా చెల్లెలు ఫోన్ చేస్తే పుట్టింది.

చెల్లెల్ని ఇచ్చింది అచ్చంపేట. నాగర్‌కర్నూలు వైపుది కాదు, పల్నాడులోది. 2022లో కొత్త జిల్లాలు వచ్చేదాకా గుంటూరు జిల్లాలోనే ఉండేది. మిరపకాయల కాలంలో ఊళ్లోకి అడుగుపెట్టగానే తుమ్ములొచ్చే ఊరు. దాని కూతురు డిగ్రీ పూర్తిచేసింది. పాటలు పాడదు, ముగ్గులు వెయ్యదు. చేతుల్తో ఇనుపకడ్డీలు వంచుతుంది. అవేవో అట్లకాడలు కావండోయ్, ఇంటి శ్లాబులో వేసే కడ్డీలే. వాళ్ల మేడ కట్టినప్పుడు మిగిలిపోయిన ముక్కలతో మొదలైందట ఈ విద్య. వంచిన కడ్డీలన్నీ వరండాలో వరసగా గోడకి ఆనించి పెట్టుకుంది, తేదీలు రాసిన చీటీలు కట్టి మరీ.

"అక్కా, వచ్చే ఆదివారం పెళ్లిచూపులు. నువ్వు చెబితే వింటుంది. వాళ్లు వచ్చేలోగా ఆ ఇనుమంతా అటకమీద పడెయ్యమను. మూడుముళ్లూ పడ్డాక దాని ఇష్టం" అంది చెల్లెలు.

చెప్పేముందు అసలు ఆ పిల్ల చేసేదేమిటో తెలుసుకోవాలి కదా. అడిగాను. "పెద్దమ్మా, బలంకంటే ఓపిక ఎక్కువ కావాలి" అని మొదలుపెట్టి గంటసేపు చెప్పింది.

మొదట 6 ఎం.ఎం. కడ్డీ, అదీ పొడుగ్గా ఉన్నది తీసుకోవాలిట. కడ్డీ పొడుగున్నకొద్దీ వంచడం తేలిక, పొట్టిదైనకొద్దీ మొండి. శ్లాబు కడ్డీకి ఒంటినిండా గాట్లుంటాయి, అరచేయి కోసుకుపోతుంది. అందుకని రెండు కొసలకీ మందపాటి గుడ్డ మడతలు చుట్టి, తొడమీద ఇంకో మడత వేసి, కడ్డీ నడుమని దానిమీద ఆనించి, చేతులు రెండూ కొసల దగ్గర పెట్టి కిందికి నొక్కాలి. కుదుపు పనికిరాదు. ఊపిరి బిగబట్టకూడదు, నొక్కుతూ వదలాలి. రక్తపోటు ఉన్నవాళ్లు దీని జోలికే పోకూడదుట. (ఇది నన్ను చూసి అందేమో.) మొదట్లో కాస్త వంగినట్టే ఉంటుంది, చెయ్యి తీస్తే మళ్లీ నిటారుగా లేస్తుంది. ఒక హద్దు దాటాకే వంపు నిలిచిపోతుంది. వంగినచోట ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. ఆ వంపు దగ్గర ఇనుము ముందుకంటే గట్టిపడుతుంది, అందుకే తిరిగి తిన్నగా చెయ్యబోతే పక్కన వంగుతుంది గానీ అక్కడ వంగదు. అటూ ఇటూ పదేపదే వంచితే పుటుక్కున విరుగుతుంది.

ఇక 8 నుంచి 10కి వెళ్లడం ఉంది చూశారూ, అక్కడ నేను నోరు తెరిచాను. రెండే మిల్లీమీటర్లు తేడా. కావలసిన బలం మాత్రం దాదాపు రెట్టింపు! మందం రెండింతలైతే బలం ఎనిమిదింతలు కావాలని లెక్క. పైగా కండ పెరిగినంత త్వరగా కండని ఎముకకి కట్టే నరం గట్టిపడదు. చెయ్యగలననిపించినా ఆగాలి. అందుకని వారానికి రెండు రోజులే కడ్డీ పడుతుంది. మిగతా రోజుల్లో ఇసుక బకెట్లో వేళ్లు దూర్చి పిడికిళ్లు బిగిస్తుంది, తడి దుప్పట్లు పిండుతుంది. దుప్పట్లు పిండడం కూడా సాధనేనా అని నవ్వాను. నవ్వాక మా అమ్మ మణికట్టు గుర్తొచ్చింది. ఆవిడ బావిలో నీళ్లు తోడి, తొమ్మిదిమంది పక్కబట్టలు పిండి ఆరేసేది. అది బలమని ఎవరూ అనలేదు. ఆవిడా అనుకోలేదు.

ఇందులో మనవాళ్లకి పెద్ద పేరే ఉంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తినాయుడుగారు మద్రాసు సైదాపేటలో వ్యాయామవిద్య చదివి, విజయనగరంలో పిల్లలకి నేర్పి, తర్వాత సర్కస్ పెట్టి, ఒంటికి చుట్టిన ఇనుపగొలుసుని ఊపిరి పూరించి తెంపేవారు. కలియుగ భీముడన్నారు. 1942లో పోయారు, విశాఖ సముద్రపు ఒడ్డున విగ్రహం ఉంది. రష్యా మల్లుడు అలెగ్జాండర్ జాస్ అంత భారీ మనిషేం కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఖైదులో పడి, అక్కడి గొలుసుల్నీ ఊచల్నీ లాగుతూనే సాధన చేశాడు. ఆడవాళ్ల మాటంటారా, శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ ఆవిడే. ఆవిడ ఎత్తిన బరువుని ఏ అటకమీద దాచగలం?

ఇదంతా చెప్పినా చెల్లెలు ఊరుకోలేదు. దాని మాటలోనూ న్యాయం లేకపోలేదు. "వాళ్లు పతకాలు తెచ్చారు. ఇది తెచ్చేదేమిటి? వంగిన ఇనుము పాతసామాన్లవాడు కిలో లెక్కన పట్టుకుపోతాడు. పైగా దాచడం అబద్ధం ఎలా అవుతుందే? అడగనిది చెప్పకపోవడం, అంతే. నీ పెళ్లిచూపుల్లో నీకు ఈతొచ్చని చెప్పారా?"

చెప్పలేదు. నిజమే. కానీ నా ఈతని ఎవరూ మూటగట్టి అటకెక్కించలేదు. అడగనిది చెప్పకపోవడం ఒకటి, ఉన్నచోట ఉన్నదాన్ని వచ్చేవాళ్ల కోసం తీసి దాచడం ఇంకొకటి. మొదటిదానిలో నోరు ఊరుకుంటుంది. రెండోదానిలో ఇల్లంతా కలిసి అబద్ధమాడుతుంది, పిల్లచేత కూడా ఆడిస్తుంది.

లాభం మాటకి నా దగ్గర జవాబుంది. తిక్కనగారి భారతంలో యుద్ధం ముగిశాక ధృతరాష్ట్రుడు భీముణ్ణి కౌగిలించుకుంటానంటాడు. కృష్ణుడు ఇనుప భీముణ్ణి ముందుకు తోస్తాడు. ముసలాయన దాన్ని నుగ్గునుగ్గు చేసి, భీముణ్ణి చంపాననుకుని తానే ఏడుస్తాడు. ఇనుము నలిపిన చేతులే! కానీ ఆ బలం ఎంతో అంతవరకూ, నాకు తోచినంతలో, ఆయనకే తెలియదు. కోపంతోపాటు లోపలే పెట్టుకున్నాడు. బయటికొచ్చినప్పుడు కౌగిలింతగా వచ్చింది. నాకు భయం వేసేది ఇలాంటి బలం. మన ఇళ్లలోనూ ఉంది. ముప్ఫై ఏళ్లు ఏమీ తెలియనట్టు, ఏమీ చేతకానట్టు ఉండి, చివరికి కోడలిమీదో కొడుకుమీదో ఒక్కసారిగా విరుచుకుపడే ఆడవాళ్లని మీరూ చూసే ఉంటారు.

ఈ పిల్లది అలా కాదు. తన బలం 8 ఎం.ఎం. దాకా వచ్చిందనీ, 10 దగ్గర ఆగిందనీ దానికి తెలుసు. బతిమాలితే వంగదు కడ్డీ, మొహమాటానికీ వంగదు. ఎంత చేతనవునో అంతే చెబుతుంది. తన హద్దు ఇంత ఖచ్చితంగా తెలిసిన మనిషి ఎదటివాళ్ల చెయ్యి పట్టుకుంటే ఎంత గట్టిగా పట్టుకోవాలో కూడా తెలిసే ఉంటుందని నా నమ్మకం. ఆ కడ్డీల్ని చూసి బెదిరేవాళ్లుంటే ముందే బెదరడం వాళ్లకీ మంచిది.

సంబంధం తప్పిపోతే? తప్పిపోవచ్చు. చెల్లెలి భయం నాకు అర్థం కానిది కాదు, దాని ఒక్కగానొక్క కూతురు. అందుకే పిల్లనే అడిగాను, నీకేమనిపిస్తోందే అని.

"వాళ్లు చూపించమంటే ఏం చెయ్యాలా అని ఆలోచిస్తున్నాను పెద్దమ్మా. ఆదివారం నాకు విశ్రాంతి రోజు" అంది.

చెల్లెలికి ఫోన్ చేసి, కడ్డీలు ఉన్నచోటే ఉండనీ, తుప్పు మాత్రం ఒకసారి తుడిపించు, వచ్చినవాళ్ల చీరలకి అంటుతుంది అని చెప్పాను.