దానము - ద్రవ్యశుద్ధి

ధర్మకార్యమునకు ధనము కావలెను. కార్యము మంచిదైనచో ఆ ధనము ఏ మార్గమున వచ్చినను సరియేనా? ఈ ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. దీనిని విచారించుటకు పాశ్చాత్యదేశములనుండి ఒక నూతన దృష్టాంతము లభించుచున్నది.

ఆంగ్లదేశమునందును, అమెరికాయందును భవిష్యత్తు చెప్పువారు ఒకచోట చేరి సంతలు జరుపుట కలదు. ఒకరు అరచేయి చూతురు. ఒకరు పరలోకగతులతో మాటలాడెదమందురు. మరియొకరు టారో అను 78 బొమ్మల చీట్లు పరచి జోస్యము చెప్పుదురు. అట్టి సంతలలో కొన్నింటి ఆదాయమును, దిక్కులేని కుక్కలను, పిల్లులను కాపాడు శరణాలయములకు సమర్పించుచున్నారు. దీనిని మెచ్చుకొనవలెనా, నిందింపవలెనా?

భూతదయను ఎవరు తప్పుపట్టగలరు? జంతుహింసా నివారణకై లండన్ నగరమున 1824లోను, న్యూయార్కున 1866లోను సంఘములు వెలసినవి. మన శిబి పావురమును కాచుటకు తన మాంసమునే కోసి యిచ్చెను. ధర్మరాజు తన్ను వెన్నంటి వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రాననెను.

చీట్ల సంగతి వేరు. టారో 15వ శతాబ్దమున ఉత్తర ఇటలీలో వినోదమునకై పుట్టిన పేకాట. దానితో జోస్యము చెప్పుట 18వ శతాబ్దమున ఫ్రాన్సు దేశమున ప్రబలినది. న్యూయార్కు రాష్ట్ర చట్టము, రుసుము గొని జోస్యము చెప్పుటను నేరముగా నెంచుచు, కేవల వినోదమునకై జరుగు ప్రదర్శనలను మినహాయించినది. ఆ భేదమే మనకును దారి చూపుచున్నది. వినోదమని యెరిగి నాలుగు కాసులిచ్చి నవ్వుచు పోవువాడు మోసపోలేదు. వాని కాసు దానమే యగును. కాని బిడ్డను పోగొట్టుకొన్న తల్లి కన్నీటితో ఆ బల్ల ముందు కూర్చున్నచో? ఆమె యిచ్చునది తన దుఃఖమునకు ఇతరులు కట్టిన వెల. ఆ సొమ్ముతో ఒక కుక్కపిల్ల బ్రతుకవచ్చును. అయినను ఒక ప్రాణిపై దయ, మరియొక ప్రాణిని వంచించిన దోషమును కడుగజాలదు.

మహాభారతమున ఆశ్వమేధికపర్వమందు ముంగిస కథ కలదు. సగము దేహము బంగారమైన ముంగిస యొకటి ధర్మరాజు యాగశాలకు వచ్చి, ఈ మహాయాగము కురుక్షేత్రమందలి ఒక బ్రాహ్మణుని పేలపిండికి సాటిరాదనెను. అతడు పొలములందు రాలిన గింజలు ఏరుకొని బ్రతుకువాడు. కరవునాట ఆలుబిడ్డలతో పస్తుండి ఆ పిండిని అతిథికి పెట్టెను. అందు ఎవరి కన్నీరును కలియలేదు. ఈ తీర్పు చెప్పినదియు ఒక మూగజీవియే యగుట గమనింపదగినది.

మనము పరదేశీయులను వేలెత్తి చూపుటకు ముందు మన వీధిలోని చిలుకజోస్యమును తలచుకొందము. రెక్కలు కత్తిరింపబడిన చిలుక పంజరమునుండి వెలికి వచ్చి, చీటీ తీసి, తిరిగి లోనికి పోవును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ దేశపు చిలుకలను పట్టి బంధించుటను నిషేధించుచున్నది. అచ్చట జోస్యము జంతువుల చెర విడిపించుటకు తోడ్పడుచుండగా, ఇచ్చట జంతువే జోస్యమునకు చెరపడినది!

కావున సంత జరుపువారు ఇది వినోదమాత్రమని ముందే తెలిపి, ఆర్తులై వచ్చినవారివద్ద రుసుము గొనక, ఓదార్పుమాట చెప్పి పంపినచో, వారి దానము నిర్మలమగును. మనమును దేవుని హుండీలో రూపాయి వేయునపుడు ఒక్క క్షణమాగి, ఇది ఎవరి కంటతడితో వచ్చినదని ప్రశ్నించుకొందము. ఆ ప్రశ్నకు వెరవక బదులు చెప్పగలవాని కానుక ఎంత చిన్నదైనను భగవంతునకు ప్రీతికరము.