పనులు మూడు - బుద్ధి ఒకటి

ఒకే మనుష్యుడు తన్ను మూడు పనులకు పంచుకొనుట ధర్మమేనా? ఈ ప్రశ్న నేడు మన గృహములందు తరచుగా వినవచ్చుచున్నది. మా బంధువర్గములోని ఒక యువకుడు హైదరాబాదున సాఫ్ట్‌వేరు ఉద్యోగి. రాత్రులందు సెల్‌ఫోనుకు పనికివచ్చు ఒక యాప్‌ను స్వంతముగా నిర్మించుచున్నాడు. ఆదివారములందు సారెమీద మట్టిపాత్రలు చేయుచున్నాడు. “తాతగారూ, వీనిలో దేనిని విడువవలెను?” అని అతడు నన్నడిగెను.

నిశ్చయము గలవాని బుద్ధి ఒక్కటియే యనియు, అది లేనివారి బుద్ధులు అనేక శాఖలుగా చీలుననియు గీత రెండవ అధ్యాయమున భగవానుడు సెలవిచ్చెను. దీనినిబట్టి ఒక్క పనియే చేయుమని కొందరు అతనికి బోధించిరట. అది తొందరపాటు. అచ్చట చెప్పబడినది బుద్ధియొక్క ఏకత్వమే గాని పనుల సంఖ్య కాదు. జపము చేయుచు బ్యాంకు లెక్కలు తలచువాడు చేయునది ఒక్క పనియే. వాని బుద్ధులు మాత్రము రెండు.

తిరుమల క్షేత్రమాహాత్మ్యమున ప్రసిద్ధుడైన కుమ్మరి భీముని యాత్రికులెల్లరు ఎరుగుదురు. తొండమాన్ చక్రవర్తి స్వర్ణపుష్పములతో అర్చింపగా, స్వామి పాదములచెంత మట్టిపూవులు కనబడినవని కథ. ఆ భక్తుడు కుండలు చేయుట మానలేదు. పని ముగిసిన పిదప చేతికంటిన మట్టితోనే పూవులు చేసి సమర్పించెను. కుండలకు చెందవలసిన మట్టిని గాని వేళను గాని పూవులకై హరింపలేదు. కావున జీతమిచ్చువారి వేళలో, వారి కంప్యూటరుపై, స్వంత యాప్ పని చేయరాదని యువకునికి మొదట చెప్పితిని. అస్తేయమనగా పరుల ధనమును ముట్టకుండుట మాత్రమే కాదు గదా!

కర్తృత్వమును, మమతను, ఫలాపేక్షను విడిచి చేయుటను మన పెద్దలు సాత్త్వికత్యాగమనిరి. ఉద్యోగమున ఇది కొంత సులభము. జీతము ముందే నిర్ణీతము. “ఇది నాది” యను మమత అంటుకొనునది యాప్‌నే. పైగా దానికి ముగింపు లేదు. లోకమునకు విడుదల చేసిన పిదప కూడ దిద్దుచునే యుండవచ్చును. ఫోనుల వ్యవస్థ మారినపుడెల్ల దిద్దక తప్పదు. మట్టి అట్లు కాదు. గాలిబుడగలు పోవునట్లు మర్దింపవలెను, సారె నడుమ కుదురుగా నిలుపవలెను, నీడలో మెల్లగా ఆరనీయవలెను. త్వరపెట్టినచో బీటలు వారును. ఆవములో కాలిన పాత్ర తిరిగి ముద్ద కాదు. అంచు వంకరయైనచో ఆ వంకరతోనే యుండును. దిద్దుటయే వృత్తిగా గలవాడు దిద్దరాని వస్తువుతో వారమునకొక పూట గడుపుట మేలు. ఆ పాత్రలను అమ్ముమని మిత్రులు ప్రోత్సహించుచున్నారట. అమ్మకము దోషము కాదు, కుమ్మరుల జీవనమే అది. కాని ఇతనికి అది మూడవ చింత యగును.

అతని ఉబలాటము వేరు. ఉద్యోగము మాని యాప్‌కే అంకితము కావలెనట. తండ్రి వైద్యము, ఇంటి అప్పు ఈ జీతముమీదనే నిలిచియున్నవి. అప్పు తీరువరకు దానిని మెల్లగా నడువనిమ్మనియు, రాత్రి 10 గంటలకు మూసివేయుమనియు చెప్పితిని. “ఈలోగా అట్టిదే మరియొకరు చేసినచో?” అని అతడడిగెను. చేయవచ్చును. ఆ నష్టము నిజమైనదే; దానిని చిన్నదిగా చేసి చెప్పజాలను. అయినను తండ్రి మందుల సొమ్మును పందెమొడ్డు హక్కు అతనికి లేదని నా నిశ్చయము.