రాతికి హక్కుంటుందా?

ఉన్న ఇంటికి కొత్త గదులు కలుపుకునేటప్పుడు అక్కడి బండకూ చెట్టుకూ మన మీద హక్కేమైనా ఉంటుందా? పెన్సిల్వేనియాలో బేర్ రన్ వాగు మీద వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ రూపొందించిన ఫాలింగ్‌వాటర్ అనే ఇల్లు, హక్కుంటుందనే అంటుంది. ఆ ఇంట్లో పొయ్యి ముందు సహజమైన బండ నేలలోంచి అలాగే పైకి తేలి ఉంటుంది. 1939లో ఎగువన అతిథిగృహం చేర్చినప్పుడు, రెంటినీ కలిపే నడవా కాంక్రీటు కప్పు కొండవాలుతోపాటే మెట్లుమెట్లుగా వంపు తిరిగింది. రాయికి నొప్పి తెలియదు, ఇక హక్కెక్కడిదని అడగవచ్చు. కానీ హక్కు నొప్పిలోంచే పుట్టనక్కర్లేదు. గోడ తప్పితే పడగొట్టి మళ్లీ కట్టుకుంటాం. హైదరాబాదులో ఇళ్ల కోసం పేల్చేసిన, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు గుట్టను ఎవరు తిరిగి నిలబెడతారు? సరిదిద్దలేని పని చేసేవాడే ముందుగా కారణం చెప్పుకోవాలి. భూమిపూజ చేసే మనం ఈ మాట సగం ఒప్పుకున్నట్టే, మర్నాడే పొక్లెయిన్ దిగినా సరే.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఒకటుంది: ఫాలింగ్‌వాటరే జలపాతం నెత్తికెక్కి కూర్చుంది కదా! నిజమే. వాగు మీదికి చాచిన ఆ అంతస్తులు కుంగిపోతే 2002లో ఉక్కు తీగలు బిగించి నిలబెట్టారు. అయితే నేలను తాకకుండా ఎవరూ బతకలేరు; తాకిన చోటు నుంచి వెనక్కి తగ్గగలమా అన్నదే నా కొలత. ఇదంతా ఉన్నవాళ్ల ముచ్చటంటారా? రెండు వందల గజాల స్థలంలోనైనా వేపవేళ్లకు అడ్డం రాకుండా పునాదిని రెండడుగులు జరపడానికి రైట్ అక్కర్లేదు, మేస్త్రీ చాలు.