ఆ గల్లీ మాట నమ్మకు

బిడ్డా,

మీ గల్లీ కిరాణం ఆయన కనిపిస్తలేడని, ఆత్మహత్యేమోనని పోలీసులు అనుమానిస్తున్నరని నువ్వు పంపిన మెసేజ్ చదివిన. కింద నువ్వే ఒక ముక్క చేర్చినవు: ‘ఇంట్ల ఏదో లొల్లి ఉండొచ్చు’ అని. మన నారాయణఖేడ్‌ల ఠాణా వాళ్ళు ఫిర్యాదు రాసుకునేలోపే బస్టాండ్ హోటల్‌ల కారణం తేలిపోతది. అది నీ చేతి మీదుగ పోవద్దు.

కాఫీ డే పెట్టిన వి.జి. సిద్ధార్థ సంగతి చూడు. 2019 జులై 29న మంగళూరు దగ్గర కనిపించకుండ పోయిండు. 31న శవం దొరికింది. ఆయన పేరుతో బయటికొచ్చిన ఉత్తరంల అప్పులోళ్ళ ఒత్తిడి, ఒక వాటాదారు ఒత్తిడి, ఆదాయపు పన్ను అధికారుల వేధింపు అని రాసుంది. పన్ను శాఖ ఒప్పుకోలేదు. ఏడాదికి కంపెనీ విచారణ చేయిస్తే, ఆయన సొంత సంస్థ కాఫీ డే అనుబంధ కంపెనీలకు బాకీపడ్డది 3,535 కోట్ల రూపాయలని తేలింది. నాకు వీటన్నిటికన్న బరువనిపించింది వేరే మాట: ఈ లావాదేవీలు ఇంటోళ్ళకు సుత చెప్పలేదని ఆ ఉత్తరంలనే ఉంది. అంత పెద్ద మనిషి, పక్కన కూసున్నోళ్ళకు తెల్వకుండ మోసిండు.

మన దిక్కు లెక్క చిన్నది, దాపరికం అంతే. చెరుకు నరకపోయిన తండాలోళ్ళు మర్లొచ్చేదాక దుకాణాల ఖాతాలు ఆగుతయి, షావుకారు మాత్రం ఆగడు. గ్రూపు లోనుల ఒకరు కట్టకపోతే తక్కినోళ్ళు గుమ్మం ముంగట నిలబడుతరు. లోన్ యాప్‌లోళ్ళయితే ఫోన్‌లున్న నంబర్లన్నిటికి మెసేజ్‌లు కొట్టి ఇజ్జత్ తీస్తరు. 2020 డిసెంబర్‌ల మన రాష్ట్రంల ప్రాణాలు పోయినంక గాని అరెస్టులు మొదలు కాలేదు. మీ కిరాణం ఆయనకు వీటిల ఏదున్నదో, అసలు ఏదీ లేదో, నువ్వు గాని నేను గాని ఎట్ల చెప్తం?

అమెరికాల ష్నీడ్‌మన్ అనే మానసిక శాస్త్రవేత్త, చావు ఎట్ల జరిగిందో తేలని చోట, పోయినోళ్ళ ఇంటోళ్ళను, దోస్తులను కూసోబెట్టి ఓపికగ అడిగే పద్ధతి తెచ్చిండు. దానికి నేర్పుండాలె. చాయ్ హోటల్ పని కాదది.

ఆ మెసేజ్ తీసెయ్. వాళ్ళింటికి పో, ‘ఎందుకు’ అని అడగకు, తిన్నరా అని అడుగు. ఆఖరుసారి ఏడ చూసినవో గుర్తుంటే ఠాణాల చెప్పు. మనిషి మర్లొస్తే కేసు పెడుతరని ఇంటోళ్ళు భయపడుతుండొచ్చు. 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చినంక, ప్రాణం తీసుకోబోయినోళ్ళు తీవ్ర ఒత్తిడిల ఉన్నరనే అనుకోవాలె, శిక్ష వేయొద్దు అని వాళ్ళకు చెప్పు. 14416 నంబర్ కాగితం మీద రాసియ్యి. టెలి మానస్ అనే మానసిక సాయం ఫోన్ లైన్ అది, పైసలు పడవు, తెలుగుల మాట్లాడుతరు.

నీకు సుత ఏదన్న ఉంటే రాత్రయినా సరే, ఫోన్ చెయ్.

మీ పెద్దనాయన